సారు చెప్పిన బూజు

సారు పోయారన్న కబురు వచ్చేసరికి నాయిన మా వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. షాద్‌నగర్ అవతల మా ఊరి నుంచి పొద్దుటి ప్యాసింజరులో వచ్చి, సీతాఫల్‌మండి స్టేషన్లో దిగి, తడి గోనెసంచి ఒకటి భుజాన వేసుకుని మా మేనమామ ఇంటికి నడిచొచ్చాడు. చదువు కోసం నేనుండేది అక్కడే. సంచిలో ఏముందని అడిగితే చెప్పలేదు. "ఫస్టు సారుకే సూపిస్త," అన్నాడు. ఆ ముఖంలో అంత సంబరం నాకు యూనివర్సిటీలో సీటు వచ్చిన రోజు కూడా చూడలేదు. అంతలో మా డిపార్ట్‌మెంటు అటెండరు వచ్చి సైకిలు గోడకు ఆనించి, "అమ్మా, సారు లేడు. పొద్దుగాల గుండెల నొప్పచ్చిందంట," అన్నాడు. లేడంటే ఆస్పత్రికి తీసుకుపోయారనుకున్నాడు నాయిన. "ఎప్పుడొస్తడు?" అని అడిగాడు.

చదివేవాళ్లకు సారు ఎవరో చెప్పాలి. ఆయన మా బోటనీ డిపార్ట్‌మెంటులో రీడరు, నా పరిశోధనకు గైడు. కృష్ణ ఒడ్డు నుంచి ఉద్యోగానికి వచ్చి, తార్నాకలో ఇల్లు కట్టుకుని ఇక్కడివాడే అయిపోయిన మనిషి. మట్టిలో మొక్కల వేళ్లను పట్టుకుని బతుకుతూ, ఆ వేళ్లను బతికించే శిలీంధ్రాలు, బ్యాక్టీరియాలు ఉంటాయి. సారు చదువంతా వాటి మీదే. వేళ్ల ముక్కలకు నీలిరంగు అద్ది మైక్రోస్కోపులో చూసేవారు. ఆ రంగు ఆయన చేతుల నుంచి ఏనాడూ పోలేదు. కాఫీ గ్లాసు మీద, చొక్కా జేబు మీద, మా జవాబు పత్రాల అంచుల మీద నీలి వేలిముద్రలుండేవి. "పెళ్లినాటి పట్టుపంచెని కూడా వదల్లేదమ్మా ఈయన," అని అమ్మగారు, అంటే సారు భార్య, నాతో నవ్వుతూ ఫిర్యాదు చేసేవారు.

నేను పుట్టుకతోనే బెంగ మనిషిని. రైలు వస్తుందో రాదో, వాన పడుతుందో పడదో, పెట్టిన తాళం సరిగ్గా పడిందో లేదో, అన్నిటికీ నా గుండె ముందుగానే కొట్టుకుంటుంది. అలాంటిదాన్ని సారు చేతికి చిక్కాను. ఏదడిగినా ఆయన "నాకు తెలిసినంత వరకు" అని మొదలుపెట్టేవారు. ఆ తర్వాత వచ్చే మాట ఎంత గట్టిదైనా ముందున్న ఆ ముక్క నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఒకసారి విసిగిపోయి, "కచ్చితంగా చెప్పండి సార్," అనేశాను. "కచ్చితంగా తెలిసినవాళ్లు పక్క గదిలో ఉన్నారమ్మా, వెళ్లి అడుగు," అన్నారు తల ఎత్తకుండానే. నేను వెళ్లలేదు. ఆయనా నేను వెళ్తాననుకోలేదు.

డిపార్ట్‌మెంటు వెనక బండరాళ్ల మధ్య సారుది ఒక చిన్న మడి ఉంది. అరవై ఆరులో వానలు ముఖం చాటేసిన ఏడు, దున్నడానికి ఎడ్లు దొరక్క సగం అలాగే వదిలేశారట. పాత జొన్న మోళ్ల మధ్యే గింజలు గుచ్చారు. మిట్టమధ్యాహ్నం దున్నిన సగంలో మొక్కలు తలలు వేలాడేస్తే, దున్నని సగంలోవి ఇంకా నిలబడి ఉన్నాయి. అప్పటి నుంచి ఆ సగంలోకి నాగలి వెళ్లలేదు. ఆయన కలుపు కూడా పీకేవారు కాదు, చిన్న కత్తెరతో నేలమట్టంగా కత్తిరించేవారు. వేరు మట్టిలోనే ఉండిపోవాలని ఆయన పట్టుదల. ఎవరి మీదా కసరని మనిషి, అందులో ఎవరైనా కాలు పెడితే మాత్రం, "అయ్యో, అయ్యో, లోపల కాపురాలున్నాయి," అంటూ పరిగెత్తుకొచ్చేవారు. దేశమంతా ట్రాక్టర్లు, లోతు దుక్కులు, ఎరువు బస్తాలు అంటుంటే ఈయనేమో దున్నొద్దంటారు. తోటివాళ్లు బీడు సారు అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనపడనివ్వలేదు.

మొదటిసారి నేను ఆ మడిలోంచి ఒక మొక్కను సర్రున పీకి తెచ్చినప్పుడు ఆయన దాన్ని చూసి, "తొందరపడి పీకితే సగం వేరు, సగం అబద్ధం చేతికొస్తాయమ్మా," అన్నారు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "వేరు తన చేయి ఎంత దూరం చాస్తుంది? దాని నూగు ఎంత పొడుగో అంతే. ఆ అవతల ఉన్న భాస్వరం దానికి అందదు. అక్కడికి ఈ పోగులు వెళతాయి. జుట్టు కంటే సన్నం. భాస్వరం తెచ్చి వేరుకిస్తాయి, వేరు వాటికి తీపి పెడుతుంది. వేరుశనగ వేళ్ల మీద బుడిపెలు చూశావా, వాటిలో బ్యాక్టీరియా కూర్చుని గాలిలో నత్రజనిని మొక్క తినగలిగేట్టు చేసి పెడుతుంది. ఇదంతా మట్టిలో అల్లుకుని ఉంటుంది. మనం నాగలి పెట్టి తెంపేస్తాం. ప్రతి ఏడూ అవి మళ్లీ మొదటి నుంచి అల్లుకోవాలి. తెంపకుండా ఉంచితే, కొత్త మొలక వేరు దిగీ దిగగానే పాత పోగులు దాన్ని అందుకుంటాయి. నాకు తెలిసినంత వరకు."

ఒక సభలో ఎవరో పెద్దాయన లేచి, మోళ్లు పొలంలోనే వదిలేస్తే తెగుళ్లు పెరగవా అని నిలదీశారు. సారు, "పెరగొచ్చు. నా భయం కూడా అదే," అన్నారు. హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. భయపడేది నేనొక్కదాన్నే కాదని ఆ రోజు తెలిసింది. ఇద్దరిలో తేడా ఒకటే, ఆయన భయపడుతూనే పని చేసుకుపోయేవారు.

మా ఇద్దరికీ గొడవ వచ్చింది ఒక్క మాట దగ్గరే. క్లాసులో శిలీంధ్రం అనే సారు, రైతులతో మాట్లాడేటప్పుడు బూజు అనేవారు. "బూజంటే మా ఇళ్లల్లో దులిపేది సార్. తొక్కుపచ్చడికి పడితే పారబోసేది. ఇంకో మాట చూడండి," అన్నాను. "శిలీంధ్రం అంటే మీ నాన్నగారు అది పలికేలోపు రైలెక్కి వెళ్లిపోతారు," అని నవ్వారు. నేను ఇంకా వాదించేదాన్నే. అంతలో బెల్లు కొట్టారు.

పోయిన ఎండాకాలం నాయిన నన్ను చూసిపోవడానికి వచ్చి, సారుకు దండం పెట్టి వస్తానని తార్నాక వెళ్లి, సారు ఇంటి వరండాలో పొద్దు వాలేదాకా కూర్చుండిపోయాడు. సారు దున్నని సేద్యం గురించి చెబుతుంటే మొదట మర్యాద కోసం విన్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"దున్నకుంటె భూమిని బీడు వెట్టిండంటరు సారూ. మా ఊర్ల గంతకన్న పెద్ద తిట్టు లేదు."

"నన్నూ అదే అంటున్నారండీ. మీరు ఒక్క చెలక ఉంచి చూడండి. నష్టం రాదని మాత్రం నేను చెప్పలేను. నాకు తెలిసినంత వరకు రాదు."

"జొన్నసొప్ప చేన్లనే ఇడిస్తె మా బర్రెలేం తినాలె?"

"పై సగం వాటికి, కింద సగం నేలకి."

"మంచిది. పల్లి ఏస్త అనుకోన్రి. దున్నొద్దంటున్రు గద, మరి పల్లికాయ నేలల కెల్లి తవ్వకుంట ఎట్ల తీయాలె?"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. లోపలి నుంచి అమ్మగారు ఏమైందోనని బయటికొచ్చేంత నవ్వు. "దానికి నా దగ్గర సమాధానం లేదండీ. వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు చేత్తో లాగి చూద్దాం," అన్నారు సారు. నాయినకు ఆయన మీద గురి కుదిరింది ఆ మాటకే. వెళ్లేటప్పుడు సారు గేటు దాకా వచ్చి, "వేళ్లకి బూజు పడితే భయపడకండి. అది మన మేలు కోరేదే," అన్నారు. ఆ బూజు ఉత్త కళ్లకు ఆనదని, మైక్రోస్కోపులో తప్ప తెలియదని ఆయన చెప్పలేదో, చెప్పినా నాయిన చెవిన పడలేదో.

మాకున్నవి రెండు చెలకలు. ఎర్రమట్టి, వానే ఆధారం. అందులో మంచిదాన్ని నాయిన ఈ ఏడు దున్నకుండా ఉంచి, మోళ్ల మధ్య గింజలు గుచ్చి పల్లి వేశాడు. ఇంటి తిండి సగం దాని మీదే. ఆ కబురు విన్న రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. సారు పేరు పోతే పోతుంది, మడి పోతే ఇంకో మడి దొరుకుతుంది, మా అమ్మ గాదె నిండకపోతే ఏంటని నా బెంగ.

సరే, ఆ రోజు సంగతి. లేడన్న మాటకు అర్థం తెలిశాక నాయిన చాలాసేపు తడికాళ్లతోనే నిలబడ్డాడు. ఇద్దరం యూనివర్సిటీ లోపలి నుంచి నడుస్తూ తార్నాక వెళ్లాం. సంచి ఇంట్లో పెట్టి రమ్మంటే వినలేదు. దారిలో చెప్పాడు. "పల్లి మొదళ్లకు బూజు వట్టింది బిడ్డా. తెల్లగ, దూదిలెక్క. సారు జెప్పినట్టే అచ్చింది. అక్కడక్కడ గుంపులు గుంపులు వట్టింది. వాడకట్టోళ్లందర్ని పిలిచి సూపిచ్చిన." ఆ దూది అన్న మాటకు నేను సంచి వైపు చూశాను. సారు చెప్పిన బూజు అలా కనపడదు. అలా కనపడేది ఇంకొకటి ఉంది. సంచి విప్పమని అడిగే ధైర్యం లేక నడుస్తూనే ఉన్నాను.

సారును వరండాలో పడుకోబెట్టారు. నాయిన చెప్పులు విడిచి దగ్గరికి వెళ్లి, సంచిలోంచి ఒక మొక్కను మట్టితో సహా తీసి అమ్మగారికి చూపించాడు. "అమ్మా, సారు జెప్పిన బూజు అచ్చిందమ్మా. సూపిద్దామనే తెచ్చిన. గింత ఆలస్యమైంది," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మగారు ఆ మొక్కను తీసుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, మొదలు దగ్గర తేరిపార చూశారు. మళ్లీ నాయినకే ఇచ్చి, "మీ చేత్తోనే ఆయన చేతిలో పెట్టండి అన్నయ్యగారూ," అన్నారు.

నాయిన పెడుతుంటే అప్పుడు చూశాను నేను. తెల్లటి బూజు మధ్యలో ఆవగింజల్లా గుండ్రంగా, గోధుమరంగులో గింజలున్నాయి. అది మొదలు కుళ్లు. వేరుశనగను నిలబడ్డచోటే చంపే తెగులు. ఆ గింజలు మట్టిలో పడితే ఏళ్ల తరబడి చావవు. అదీ శిలీంధ్రమే, అదీ బూజే. సారు నీలి వేళ్ల మధ్య ఆ తెగులు మొక్క ఉంది, నాయిన దానికి దండం పెడుతున్నాడు. నాకు ఏడుపు ఆగిపోయింది. చెప్పాలి, ఇప్పుడు చెప్పకూడదు, చెప్పకపోతే చెలక మొత్తం పోతుంది. ఇవే నా తలలో తిరుగుతున్నాయి. గైడుకు దండం పెట్టుకోవాల్సిన ఆ గడియలో నేను తెగులు ఎంత వేగంగా పాకుతుందో ఆలోచిస్తూ నిలబడ్డాను. బంధువులెవరో మట్టి రాలుతోందని మొక్కను తీయబోతే అమ్మగారు, "తీయకండి. ఆయనతోపాటే వెళ్లాలి," అన్నారు. ఆవిడ గొంతు అంత గట్టిగా ఉండగా నేనెన్నడూ వినలేదు. ఆ మొక్క సారుతోపాటే చితి మీదికి వెళ్లింది.

మర్నాడు నాయినను డిపార్ట్‌మెంటుకు తీసుకుపోయాను. సారు గదిలో, సారు బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. "గది సారు జెప్పిన బూజు గాదు నాయినా. తెగులు."

"తెల్లగున్నది గద?"

"గదీ తెల్లగనే ఉంటది."

కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన సంచి మూతి ముడి విప్పుతూ, కడుతూ, "సారును గిప్పుడు ఎట్ల అడుగుదుము," అన్నాడు. ఆ మాటకు నాకు నిన్న ఆగిన ఏడుపంతా వచ్చింది.

పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతాయి, లోతుగా దున్ని మోళ్లను కప్పెట్టమని. వెంటనే దున్నేస్తే ఉలవలు చల్లుకోవడానికి ఇంకా అదను ఉంది. అదను దాటితే పల్లీ లేదు, ఉలవా లేదు. దున్నితే సారు చెప్పిన అల్లిక పోతుంది. అసలు మా చెలకలో ఆ అల్లిక ఉందో లేదో ఎవరు చూశారు? నాయిన సంచిలో తెగులు సోకని మొక్కలు కూడా కొన్ని ఉన్నాయి. వాటి సన్నవేళ్లు కోసి, ఉడికించి, నీలం అద్దాను. మొదటి స్లైడు కింద పడింది. రెండోది మధ్యాహ్నానికి కుదిరింది. చూశాను. వేరు లోపల నీలి పోగులు గదిగదికీ వెళ్లి ఉన్నాయి. కొన్నిచోట్ల చిన్న పొదల్లా కొమ్మలేసి ఉన్నాయి. సారు మడిలో తప్ప ఇంకెక్కడా నేనంత గుబురుగా చూడలేదు.

నాయినను చూడమన్నాను. ముందు చూడాల్సిన కన్నే మూశాడు. తర్వాత, "నా రెప్పలే కనవడ్తున్నయ్," అన్నాడు. ఆ తర్వాత వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"గిది మన చెలకదేనా?"

"మనదే."

"నూలు లెక్కున్నది. ఇగ దీన్ని బూజనకు బిడ్డా. గా పేరే మనల ముంచింది. వేరునూలు అను."

తల ఎత్తి అసలు ప్రశ్న అడిగాడు. "దున్నాల్నా?"

"నాకు తెల్వది నాయినా," అన్నాను. నిజంగానే తెలియదు. తెగులు పట్టినవాటిని మట్టితో సహా తీసి గట్టు మీద కాల్చమని, మిగతావాటి మొదళ్ల దగ్గర మోళ్లను దూరంగా జరపమని మాత్రం చెప్పగలిగాను. నాయిన సంచి దులిపి భుజాన వేసుకున్నాడు. "గింత కండ్లబడ్డంక నాగలి వెట్ట మనసొప్పది," అని స్టేషనుకు బయల్దేరాడు.

అదను దాటిపోయింది. ఆ తర్వాతి రోజులు నేనెలా గడిపానో నాకే తెలియదు. ముసురు పడితే తెగులు పాకుతుందని భయం, ఎండ కాస్తే చేను మాడుతుందని భయం. నాయిన గట్టు మీద పల్లి మొక్కలు కాలుస్తున్నాడని ఊరంతా వింతగా చెప్పుకున్నారని మేనమామ మోసుకొచ్చాడు. ఇక్కడ డిపార్ట్‌మెంటు వెనక మడిని దున్ని పూలమొక్కలు వేద్దామన్న మాట మొదలైంది. అది ఇంకా తేలలేదు. పొద్దున్నే వెళ్లి ముందు మడి ఉందో లేదో చూసి తర్వాత గది తాళం తీస్తున్నాను. తార్నాక వెళ్లినప్పుడల్లా అమ్మగారు, "మీ నాన్నగారి చేను ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. బాగుందండీ అని చెప్పి కాఫీ గ్లాసులోకి చూసేదాన్ని. సారు చేతిలో పెట్టింది తెగులని ఆవిడకు ఎలా చెప్పను? చెప్పకుండా ఆ ఇంట్లో ఎలా కూర్చోను?

పోయిన వారం నాయిన మళ్లీ వచ్చాడు. వాన వెలిశాక చేత్తో లాగితేనే పల్లి వచ్చిందట. చెలకలో అక్కడక్కడ బోడిమచ్చలు పడ్డాయి. మిగతాది నిలబడింది. అమ్మడానికి మిగల్లేదు, ఇంటికి లోటు లేదు. ఊరివాళ్లు మెచ్చుకోనూ లేదు, నవ్వనూ లేదు. నాయిన ముఖంలో మాత్రం తేరుకున్న జాడ లేదు. తార్నాక తీసుకుపొమ్మన్నాడు. కాయలతో ఉన్న మొక్కలు కొన్ని, మట్టి కదలకుండా, గోనెలో చుట్టి తెచ్చాడు. అమ్మగారు మంచినీళ్లిచ్చారు. ఆయన తాగలేదు.

"అమ్మా, ఆనాడు సారు చేతిల నేను వెట్టింది సారు బూజు గాదమ్మా. తెగులు. నాకు తెల్వక వెట్టిన. అప్పటిసంది నాకు మనసున పడ్తలేదు."

నేను తల వంచుకున్నాను. అమ్మగారు చెంబు కింద పెట్టారు.

"నాకు ఆ రోజే తెలుసు అన్నయ్యగారూ. కాపురానికొచ్చిన కొత్తలో ఆ గింజలు తెచ్చి, నా పోపులపెట్టెలో ఆవాల పక్కన పోసి, తేడా చెప్పుకో చూద్దాం అన్న మనిషాయన. పెట్టె మొత్తం కడుక్కోవాల్సొచ్చింది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"మరి నాతోటి ఎందుకు వెట్టిచ్చిన్రమ్మా?"

"ఆయన చెప్పింది తన పొలంలో జరిగిందని అంత సంతోషంగా పరిగెత్తుకొచ్చిన మనిషి, ఇన్నేళ్లలో మీరొక్కరే. ఆ సంతోషం ఆయన చేతిలో పెట్టి పంపాలనిపించింది. తెగులంటారా, దానికి కాల్చడమే కదండీ మందు. అందుకే ఎవర్నీ తీయనివ్వలేదు."

నాయిన పంచె చెంగు కళ్లకద్దుకున్నాడు. ఆ ఇంట్లో ఇన్నాళ్లకు నేను కుర్చీలో వెనక్కి వాలాను. అమ్మగారు పెరట్లోకి వెళ్లి బకెట్టుతో నీళ్లు తెచ్చి, గోనె విప్పి ఒక మొక్కను అందులోకి దించారు. నాయిన పైన కాడ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆవిడ చేతులు నీళ్లలో ముంచి మట్టిని కొంచెం కొంచెంగా వదిలిస్తున్నారు. ఎర్రమట్టి కరిగి నీళ్లు చిక్కబడుతున్నాయి. అందులో ఏవి ఆవిడ వేళ్లో, ఏవి మొక్క వేళ్లో నాకు తెలియడం లేదు.